రాయి లేని బొందలు

మా బాపు చనిపోయినప్పుడు ఆయనను మా తాత పక్కనే పెట్టాలనుకున్నాం. బతికున్నన్ని రోజులు బాపు అడిగింది కూడా అదే. బొందలు తవ్వే బేగరి పని చేసే, వరుసకు మాకు పెద్దబాపు అయ్యే ఆయన పొద్దున్నే గడ్డపార, పార పట్టుకొని బొందలగడ్డకు వచ్చాడు. వేపచెట్టు మొదట్లో నిలబడి దక్షిణానికి పన్నెండు అడుగులు వేశాడు. "గీడ మీ తాత" అని చూపించి, దాని పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. నడుము లోతు వచ్చేసరికి పారకు ఎముకలు తగిలాయి.

"ఇదెవలిది?" అన్నాడు పెద్దబాపు పైకి చూసి.

గట్టు మీద పదిహేను మందిమి ఉన్నాం. అందులో డెబ్బై దాటినవాళ్ళే నలుగురు. ఒకరు ఒక పేరు చెప్పారు, ఇంకొకరు కాదన్నారు. పెద్దబాపు ఆ ఎముకలన్నీ ఏరి, ఒక తెల్లగుడ్డలో మూటగట్టి, బొందలోనే ఒక మూలకు పెట్టాడు. బాపును దించేటప్పుడు ఆ మూట ఆయన కాళ్ళ దగ్గరకు వచ్చింది. మట్టి కప్పి ఇంటికి వచ్చాం.

దినాలు అయ్యేదాకా నాకు ఆ మూటే గుర్తొచ్చింది. అదీ మా వాడ మనిషే అయ్యుంటుంది. ఎవరికో తండ్రి, లేకపోతే తల్లి. ఇంకో ముప్పై ఏళ్ళకు ఇట్లనే ఎవరో తవ్వుతారు, మా బాపు ఎముకలు తగులుతాయి, "ఇదెవలిది" అని అడుగుతారు. పదకొండో రోజు అయిపోగానే కిరాణా దుకాణంలో ఒక పొడుగు నోట్‌బుక్ కొన్నాను. నాలుగేళ్ళ నుంచి అందులో మా బొందలగడ్డ లెక్క రాస్తున్నాను. ప్రతి ఊళ్ళో ఒకరు ఈ పని చేయాలని, రాయి చూసి కాక మనుషులను అడిగి చేయాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరు హనుమకొండ నుంచి పరకాలకు పోయే రోడ్డు మీద, కొంచెం లోపలికి ఉంటుంది. చెరువు కట్ట కింద దళితవాడ బొందలగడ్డ. దానికి ఆనుకొని, క్రైస్తవం తీసుకున్న కుటుంబాలవాళ్ళ సమాధులు వేరే వరుసలో ఉంటాయి. ఒకే ఇంటిపేరు అటూ ఉంటుంది, ఇటూ ఉంటుంది. మిగతా కులాలవాళ్ళవి ఎవరివి వాళ్ళకు వేరే, ఖబరస్తాన్ ఊరికి అవతలి దిక్కు. ఇంతమందికి బొంద తవ్వింది మాత్రం మా వాడ చేతులే. మా పెద్దబాపు, ఆయన తండ్రి, అంతకుముందు మా తాతల్లో ఇంకొకరు. ఊరందరి చావూ దగ్గరుండి చూసినవాళ్ళు వాళ్ళు, ఎవరిని ఎక్కడ పెట్టారో అడుగులతో సహా తెలిసినవాళ్ళు. వాళ్ళకు చదువు రాదు కాబట్టి రాయలేదు. చదువు వచ్చినవాళ్ళు వాళ్ళను అడగలేదు. నాకు కోపం వచ్చేది ఈ అడగకపోవడం దగ్గరే.

మా దగ్గర రాళ్ళకు చరిత్ర తక్కువేం కాదు. మా ఊరి నుంచి గంట ప్రయాణం చేస్తే వేయిస్తంభాల గుడి. అక్కడి 1163 నాటి శాసనంలో రుద్రదేవుడు ఎవరి కొడుకో, ఎవరిని గెలిచాడో చెక్కించి పెట్టారు. రాణి రుద్రమ ఎప్పుడు కన్నుమూసిందో మనకు తెలిసిందీ ఒక రాయి వల్లే. పువ్వుల ముమ్మడి అనే ఆమె బంటు 1289 నవంబరులో నల్లగొండ వైపు చందుపట్లలో వేయించిన శాసనం అది. ఆ బంటు ఆ రాయి వేయించకపోతే అంతటి మహారాణి చావు తేదీ కూడా మనకు మిగిలేది కాదు. నిజాం రాజ్యంలో చనిపోయిన యూరోపియన్ల సమాధుల మీది రాతలన్నీ పోగుచేసి 1941లోనే పుస్తకంగా అచ్చు వేశారు. ఎక్కడో పుట్టి ఇక్కడ జ్వరంతో పోయిన ఇరవై ఏళ్ళ సిపాయి ఎవరి కొడుకో ఇవాళ ఆయన మునిమనవడు వెతుక్కోవచ్చు. ఉత్తరాదిన హరిద్వార్‌లో పండాల (తీర్థ పురోహితుల) దగ్గర తరతరాల యాత్రికుల పేర్లు రాసిన వహీలు ఉన్నాయి. కాకపోతే అక్కడిదాకా పోయినవాళ్ళ పేర్లే వాటిలో ఉంటాయి. మా వాడ నుంచి ఎవరు పోయారు?

మాకు వంశం చెప్పేవాళ్ళు లేరని కాదు. తెలంగాణలో దాదాపు ప్రతి కులానికి కథ చెప్పే ఆశ్రిత కులం ఒకటి ఉండేది. మాదిగలకు డక్కలివాళ్ళు, గొల్లలకు మందెచ్చులవాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు. కాపులకు, రెడ్లకు పిచ్చకుంట్లవాళ్ళు గోత్రాలు, ఇంటిపేర్లు చదివి వినిపించేవారు. వాళ్ళు ఏడాదికో రెండేళ్ళకో వాడకు వచ్చినప్పుడు ఇంటి పెద్ద పేరు, ఆయన తండ్రి పేరు మళ్ళీ ఒకసారి అందరి చెవిన పడేవి. ఇప్పుడు రావడం తగ్గింది. వచ్చినా వినేవాళ్ళు లేరు. కానీ ఆ పాటల్లోనూ చిన్నపిల్లల పేర్లు, ఆడవాళ్ళ పేర్లు ఉండేవి కావు. నా నోట్‌బుక్‌కు వాటితోనే పని ఎక్కువ పడింది.

మొదట నేనూ రాళ్ళతోనే మొదలుపెట్టాను. అది తప్పు. మా బొందలగడ్డలో పేరున్న రాయి నాలుగింట ఒకదానికి కూడా లేదు. ఉన్నవాటిలో పాతవి షాబాదు బండలు, పొరలు పొరలుగా ఊడిపోతాయి. సిమెంటు గద్దె మీద పెయింటుతో రాసిన పేరు నాలుగు వానాకాలాలు కూడా ఆగదు. గత ఇరవై ఏళ్ళలోనే నల్ల గ్రానైటు మీద ఫొటోతో సహా చెక్కించడం మొదలైంది. కరీంనగర్ గ్రానైటు ఓడలెక్కి దేశాలు దాటిపోతుంది, ఆ క్వారీల్లో పనిచేసిన మనిషి బొంద మీద మాత్రం చెరువు మట్టే ఉంటుంది.

అరిగిన అక్షరాలను ఫొటో తీయడం గురించి ఒక మాట. మధ్యాహ్నం ఎండలో ఏమీ కనపడదు. పొద్దున ఏడు గంటలప్పుడో సాయంత్రం అయిదున్నరకో ఏటవాలు వెలుగు పడ్డప్పుడు తీస్తే అక్షరం లోతు నీడగా తేలుతుంది. నీడలో ఉన్న రాయికి అద్దంతో పక్కనుంచి వెలుగు కొడితే చాలు. ఇనుప బ్రష్‌తో రుద్దడం, యాసిడ్ పోయడం మాత్రం ఎవరూ చేయకండి. నాకంటే ముందు ఒకాయన ప్రేమతోనే తన తల్లి రాయిని యాసిడ్‌తో కడిగాడు. పైపొర లేచిపోయి, ఉన్న పేరు కాస్తా పోయింది. మంచినీళ్ళు, మెత్తని గుడ్డ సరిపోతాయి. రాయి మీద తప్పు స్పెల్లింగ్ ఉంటే తప్పుగానే రాసుకోవాలి, దిద్దకూడదు.

అసలు చిక్కు సంవత్సరాలతో వచ్చింది. ఒక రాయి మీద 'ప్లవ నామ సం. శ్రావణ శుద్ధ పంచమి' అని మాత్రమే ఉంది. ప్లవ అరవై ఏళ్ళకోసారి వస్తుంది. అది 1961 కావచ్చు, 2021 కావచ్చు. రాయి పాతబడిన తీరు చూసి 1961 అని నేను అనుకున్నాను కానీ, ఆ ఇంటివాళ్ళను అడిగాకే రాసుకున్నాను. ఖబరస్తాన్‌లో ఉర్దూ రాళ్ళ మీద హిజ్రీ సంవత్సరాలుంటాయి. నిజాం కాలపు కాగితాల్లో ఫసలీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే దాదాపు మన సంవత్సరం వస్తుంది. హిజ్రీకి అట్లా కలిపే అంకె లేదు, చంద్రుడి లెక్కలో ఏడాదికి పదకొండు రోజులు తగ్గుతుంటాయి. 1948లో పోలీసు చర్య జరిగిన ఏడాది ఫసలీలో 1357, హిజ్రీలో 1367. రెండూ చూడటానికి ఒకే రకంగా ఉంటాయి. ఒకదాన్ని ఇంకొకటిగా చదివితే మనిషి పదేళ్ళు ముందో వెనకో చనిపోతాడు.

రాయి లేని బొందలకు ఈ బాధ కూడా లేదు. అక్కడ మనుషుల నోటి లెక్కే గతి. ఆ లెక్క ఎంత గట్టిదో ఈ నాలుగేళ్ళలో తెలిసింది. "ఏ సంవత్సరం పోయిండు?" అని అడిగితే ఎవరికీ తెలియదు. "అప్పుడు ఊళ్ళె ఏం జరిగింది?" అని అడగాలి. పరకాలలో జెండా దగ్గర కాల్పులు జరిగిన ఏడు అంటే 1947. తెలంగాణ కొట్లాట మొదటిసారి లేచిన ఏడు 1969. స్కైలాబు మీద పడ్తదని ఊరంతా కోళ్ళు, మేకలు కోసుకొని తిన్న ఏడు 1979. ఇందిరమ్మను చంపిన ఏడు 1984. సమ్మక్క జాతరకు పోయి వచ్చిన నెలకు పోయాడంటే, జాతర రెండేళ్ళకోసారి మాఘంలో కాబట్టి నెల తేలుతుంది, సంవత్సరాల్లో సగం పక్కకు పోతాయి. ఇట్లా రెండు గుర్తులు కలిసినచోటే పెన్ను పెట్టాను. ఒక్క గుర్తే ఉంటే పెన్సిలుతో రాశాను.

మా తాత విషయంలోనే ఇది పనికొచ్చింది. తాత పేరు మీద ఉన్న ఎకరంనర విరాసత్ చేయించుకొని తన పేరు మీదికి మార్చుకుందామని బాపు పోతే, ఒక ఆఫీసులో మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. చావును 21 రోజుల్లోపు రాయించాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మా తాత చావు ఎవరూ రాయించలేదు. ఏ సంవత్సరమో కూడా బాపుకు తెలియదు. "నేను మూడో తరగతిల ఉన్న" అన్నది ఒక్కటే ఆయనకు గుర్తు. బడిలో పాత ప్రవేశ రిజిస్టర్ తీయిస్తే బాపు మూడో తరగతి 1975లో. ఇందిరమ్మ ఎమర్జెన్సీ పెట్టినాక వచ్చిన వానాకాలంలో పోయాడని పెద్దబాపు చెప్పాడు. రెండూ కలిశాయి. ఆ కాగితం చేతికి వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. బాపు బీపీ పెరగడానికి ఆ తిరుగుడు, ఆ టెన్షన్ కూడా ఒక కారణమని నేను ఇప్పటికీ అనుకుంటాను. చనిపోయినవాళ్ళ లెక్క దేనికి అని అడిగేవాళ్ళకు ఈ సంగతి చెప్తాను. భూమి లేనివాళ్ళకు అంత అవసరం పడకపోవచ్చు. నాకు మాత్రం భూమి సంగతి తర్వాతిది.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు. మా దిక్కు పేర్లు దేవుళ్ళ దగ్గర నుంచి వస్తాయి. ఐనవోలు, కొమురవెల్లి మల్లన్నలకు మొక్కుకుంటే మల్లయ్య, ఐలయ్య, కొమురయ్య. మేడారం మొక్కుకు సమ్మయ్య, సారయ్య, సమ్మక్క. తాత పేరు మనవడికి పెడతారు. ఒకే ఇంటిపేరుతో నాలుగు తరాల్లో ముగ్గురు మల్లయ్యలు ఉంటే రాయి మీద పేరున్నా ఏ మల్లయ్యో తేలదు. అందుకని ఊరు పెట్టుకున్న పిలుపు పేరు కూడా రాస్తాను: పొడుగు మల్లయ్య, బొంబాయి మల్లయ్య, డప్పు మల్లయ్య. కాగితాల్లో ఉండని ఆ పేరే మనిషిని పట్టిస్తుంది. ఆడవాళ్ళయితే రాయి మీద 'ఫలానా వారి భార్య' అనే ఉంటుంది. పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు రాయకపోతే ఆమె వెనకటి తరాలన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. వాడలో ఆమెను 'ఐనోలామె', 'ఆత్మకూరామె' అని పుట్టింటి ఊరితో పిలిచేవాళ్ళు. ఆ పిలుపు పట్టుకొని ఆ ఊరికి పోయి అడిగితే తండ్రి పేరు దొరికింది, ఒకసారి కాదు, చాలాసార్లు.

అన్నిటికంటే కష్టమైనవి చిన్న బొందలు. చెరువు వైపు ఒక మూలంతా అవే. మూరెడు, జానెడు మట్టి దిబ్బలు, కొన్నిటి మీద ఒక గుండ్రాయి. అవి ఎవరివని పెద్దబాపును అడిగితే, "ఏడ పెట్టిన్నో ఎర్కే బిడ్డా, ఎవల పిల్లలో ఎట్ల చెప్పాలె" అన్నాడు. పొద్దుమాపు ఎవరో చీరముక్కలో చుట్టి తెచ్చి ఇచ్చేవారు, ఆయన పెట్టి వచ్చేవాడు. ఆయనకు తెలిసింది జాగా. ఎవరి పిల్లలో తల్లులకు తెలుసు. మా దిక్కు ఆడవాళ్ళు బొందలగడ్డకు రారు. కాబట్టి తల్లికి జాగా తెలియదు, తవ్వినవాడికి పేరు తెలియదు. ఈ ఇద్దరినీ ఎవరూ ఎన్నడూ ఒకచోట కూర్చోబెట్టలేదు. నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అది ఇదే. మా బాపమ్మ వరుసయ్యే ఒక ముసలామె ఇంటి ముందు గద్దె మీద పెద్దబాపును కూర్చోబెట్టాను. ఆమెకు ఏడు కాన్పులు, బతికింది ముగ్గురు. మిగతా నలుగురిలో ఇద్దరికి పేరు కూడా పెట్టలేదు, ఇరవై ఒకటో రోజు దాకా ఆగలేదు వాళ్ళు. ఆమె వేళ్ళు మడిచి ఏ కాలంలో పోయారో చెప్తుంటే, పెద్దబాపు తలూపుతూ "నాట్లప్పుడు తెచ్చినోడు గదా, మా నాయిన పెట్టిండు, గుండ్రాయి పక్కన" అన్నాడు. 'పేరు పెట్టని మగపిల్లవాడు, ఫలానా తల్లి నాలుగో కాన్పు' అని రాసుకున్నాను. వంశవృక్షంలో ఇట్లాంటి కొమ్మలు ఎవరూ గీయరు. గీయాలని నేనంటాను. ఆమె ఏడుగురికి తల్లి, ముగ్గురికి కాదు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. 1997, 98 ప్రాంతంలో మా వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు తగిలి, అప్పులు తీరక ఎంతోమంది రైతులు పురుగుమందు తాగారు. మా బొందలగడ్డలోనూ ఆ చలికాలానివి ఉన్నాయి. వాళ్ళు ఎట్లా పోయారో ఊరందరికీ తెలుసు. అది రాయాలా? చాలా రోజులు ఆలోచించాను. చివరికి రెండు పుస్తకాలు పెట్టాను. అందరికీ చూపించేదాంట్లో పేరు, తల్లిదండ్రులు, ఏడు, జాగా. చావు కారణం, ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే, రెండోదాంట్లో. అది నా బీరువా దాటి రాదు. సమాధుల ఫొటోలు పెట్టే ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్‌గ్రేవ్స్ లాంటి వెబ్‌సైట్లు ఉన్నాయి, దేశదేశాల వాళ్ళు పూర్వీకులను వాటిలో వెతుక్కుంటున్నారు. మావాళ్ళవి కూడా పెట్టమని ఒక తమ్ముడు అడిగాడు. ఇంటివాళ్ళను అడగకుండా పెట్టను. పేరు బయట పడితే కులం బయట పడుతుంది, వాడ బయట పడుతుంది. ఆ నిర్ణయం నాది కాదు. నోట్‌బుక్ కాపీలు మాత్రం మూడు చేశాను: ఒకటి మా ఇంట్లో, ఒకటి వాడలో ఒక టీచర్ దగ్గర, ఒకటి చర్చిలో. చర్చివాళ్ళకు ఖననాల రిజిస్టర్ రాసే అలవాటు ముందే ఉంది, ఆ వరుసలో నాకు పని తేలికైంది కూడా అందుకే.

"చచ్చినోళ్ళ జోలి మంచిది కాదు" అని నన్ను తిట్టినవాళ్ళున్నారు. భయం నాకు అర్థమవుతుంది. కానీ చనిపోయినవాళ్ళను వదిలేసే అలవాటు మనకెక్కడిది? పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తాం. కరీంనగర్ కార్ఖానాగడ్డలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని శ్మశానంలోనే చేస్తాయి, సమాధులు కడిగి, పూలు పెట్టి, దీపాలు వెలిగించి, పిల్లాజెల్లాతో అక్కడే గడుపుతాయి. నవంబరు 2న కథలిక్కులు సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌లో దీపాలుంటాయి. దీపం పెట్టడానికి జాగా తెలియాలి కదా.

తొందర ఎందుకంటే, ఇప్పుడు కాల్చడం ఎక్కువైంది. 2019 నుంచి ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. జాగా తక్కువ ఉన్నచోట అది మంచిదే, బూడిద కాళేశ్వరంలోనో ఇంకోచోటనో గోదావరిలో కలుస్తుంది. కానీ కొత్తగా బొంద తవ్వకపోతే పాతవాటి మధ్య దారి చెప్పేవాళ్ళు కూడా ఉండరు. మా దగ్గర ట్రాక్టరు పోయేటట్లు దారి వెడల్పు చేద్దామని ఊరంతా కలిసే ఒప్పుకున్నాం. రెండు వరుసలు చదునైపోయాయి. అప్పటికి నా నోట్‌బుక్ లేదు. పెద్దబాపుకు ఇప్పుడు డెబ్బై ఆరు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతాడు, ఈ పని చేయడు, చేయమని అడిగే హక్కు కూడా ఎవరికీ లేదు.

ఈ ఎండాకాలం, రాసినదంతా బాపమ్మకు చదివి వినిపించాను. ఫోన్‌లో ఫొటోలు పెద్దవి చేసి చూపించాను. ఎనభై ఏళ్ళు దాటిన ఆమె ఆ నేలను అంత దగ్గరగా చూడటం అదే మొదలు. తన పిల్లల మూల చాలాసేపు చూసింది. తర్వాత వేపచెట్టు ఫొటో వచ్చింది.

"ఇదేం చెట్టు?"

"బొందలగడ్డ యాపచెట్టు బాపమ్మా. దీనికాన్నుంచే పెద్దబాపు అడుగులు లెక్కవెడ్తడు."

"ఇది గా చెట్టు గాదు కొడుకా. పాతది గాలివానకు పడ్డది, స్కైలాబు ఏడు. గా చెట్టు కిందనే మేం నాట్లేసి అన్నం తింటుంటిమి, మడికట్టుకు ఆనుకొని ఉండె. ఇది గింత అవతల మొలిసింది."

పాత చెట్టు పడ్డప్పుడు పెద్దబాపు బొంబాయిలో కూలికి పోయి ఉన్నాడు. తిరిగొచ్చాక తండ్రి మంచంలో ఉండి చెప్పిన లెక్కనే నేర్చుకున్నాడు: యాపచెట్టు నుంచి దక్షిణానికి పన్నెండు అడుగులు. మా తాత పోయింది 1975లో, పాత చెట్టు ఉన్నప్పుడు.

మరునాడు పొద్దున టేపు తీసుకొని పోయాను. మడికట్టు పక్కన మట్టి తోడితే పాత మొద్దు వేర్లు పుచ్చిపోయి కనిపించాయి. ఇప్పటి చెట్టుకు దానికి మధ్య దాదాపు ఆరడుగులు. ఇక నుంచి చెట్టును గుర్తుగా పెట్టవద్దని, కదలని బండరాయి నుంచి కొలవాలని రాసుకొని, వరుసలన్నీ మళ్ళీ కొలవడం మొదలుపెట్టాను. పాత మొద్దు నుంచి పన్నెండు అడుగులు వేస్తే నేను బాపు బొంద మీదికే వచ్చాను.

నోట్‌బుక్‌లో బాపు పేరు కింద 'కాళ్ళ దగ్గర తెల్లగుడ్డ మూట, ఎవరిదో తెలియదు' అని నాలుగేళ్ళ కింద రాసి ఉంది. దాన్ని కొట్టేయలేదు. పక్కన పెన్సిలుతో 'తాతది కావచ్చు' అని రాశాను.